పోయినవాటి సొరుగు

నర్సరీ షెడ్డు
జనవరి 9

పిచ్చుకా,

ఇదిగో, నువ్వడిగిన ఆకులు. అయిదు కోశాను. కాగితం కవర్లో పెట్టి, తేమ పీల్చే గుళికలు కూడా వేశాను. నువ్వు ఫోనులో మూడుసార్లు చెప్పావు కాబట్టి ఒకటికి మూడుసార్లు చూసుకుని మరీ అంటించాను. కవరు ఎలాగూ పంపుతున్నాను కదా, నాలుగు ముక్కలు రాద్దామనిపించింది. ఫోనులో అయితే నువ్వు బస్సులో ఉంటావు, నేను నిచ్చెన మీద ఉంటాను. ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకోవడమే సరిపోతుంది.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళే నా మాట వినడం మానేశాయి. గాజు గదిలో కింది వరస కుండీల దగ్గర కూర్చుంటే లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వస్తోంది. ఇంకో ఆరు నెలలు ఎలాగో ఈడ్చాలి. జూలైలో రిటైరు చేసి సన్మానం చేస్తారట. ముప్పై మూడేళ్ళు మొక్కలకు నీళ్ళు పోసిన మనిషికి కావలసింది సన్మానం కాదు, నిద్ర. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

డైరెక్టరు గారికి మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది. మీ అన్నయ్య ఇరవై ఆరేళ్ళ క్రితం కొండ మీంచి తెచ్చిన మొక్క ఇప్పుడు ఆ కొండ మీద ఒక్కటీ మిగల్లేదు. ఉన్నదల్లా మా గాజు గదిలోని 418 నంబరు కుండీయే. దాని కొమ్మలు కత్తిరించి, వేళ్ళు పట్టించి, తొలివానలకు మళ్ళీ అక్కడే నాటించాలని ఆయన పట్టుదల. నాటిన చోట మీ అన్నయ్య పేరుతో బోర్డు కూడా పెట్టిస్తారట. పోయి నాలుగేళ్ళయిన మనిషి వచ్చి చదువుకుంటారా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ మొక్కకు ఆయన పెట్టిన ముద్దుపేరు గుర్తుందా? ఆడపడుచు. ఎండ ఎక్కువైనా అలుగుతుంది, తక్కువైనా అలుగుతుంది, అందరికంటే ముందు దానికి మర్యాదలు జరగాలి అని నవ్వేవారు. నేను కాపురానికి వచ్చేసరికి నీకు పన్నెండేళ్ళు. ఒక ఆడపడుచుకు జడలు వేశాను, ఇంకో ఆడపడుచుకు కుండీలు మార్చాను. ఎవరు ఎక్కువ సతాయించారో రిటైరయ్యాక చెబుతాను.

కొమ్మలకు మాత్రం వేళ్ళు పట్టడం లేదు. నలభై పెడితే మూడు బతికాయి. తొందరపడొద్దనే డైరెక్టరు గారికి చెప్పాను. నువ్వు ఈ ఆకుల్ని మీ దగ్గరున్న పాత ఆకుతో పోల్చి, అదే మొక్క అని రాసిస్తే గానీ కొండ ఎక్కించడానికి అనుమతి రాదటగా. నువ్వూ తొందరపడకు. నీకు ఇంకా ఎన్ని పనులున్నాయో.

వదిన


పరిశోధనశాల, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

వదినా,

నీ ఉత్తరం చూసి ఎన్నాళ్ళకో నవ్వాను. ఇక్కడ లిఫ్టు పాడై నెలన్నర అయింది. రోజూ మూడంతస్తులు ఎక్కేసరికి నా మోకాళ్ళకు నీ మోకాళ్ళు గుర్తొస్తున్నాయి. ఇంటికెళ్ళేసరికి ఒళ్ళు హూనమైపోతోంది. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడి నిద్రపోయిన రోజులున్నాయి.

నలభైకి మూడే బతికాయా? నమ్మమంటావా? విరిగిన గొడుగు కర్ర పాతినా నీ చేతిలో చిగురేస్తుంది. డైరెక్టరు గారికి చెప్పుకో ఆ కథలు.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన ఆకులు సరిపోలేదు. అన్నయ్య కొండ దిగిన వారానికే ఒక కొమ్మను ఒత్తి, ఎండబెట్టి, దళసరి అట్టకు కుట్టి మా దగ్గర దాచాడు కదా. ఆ అట్ట మీది ఆకుతో పోల్చాను. దగ్గరి చుట్టమేగానీ అదే మొక్క కాదని వచ్చింది. పక్క వరసలో పెద్ద పెద్ద పూలు పూసే తోట రకం ఉంటుంది కదా, పొరపాటున దాని ఆకులు కోశావేమో? కళ్ళజోడు మార్చుకోమని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను.

అన్నయ్య అట్టను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా దగ్గర ఒక పద్ధతుంది, నీకు తెలుసో లేదో. అట్ట మీద ఎవరు రాసినదాన్నీ ఎవరూ కొట్టెయ్యరు, చెరపరు. పాతది తప్పని తేలితే దాని పక్కన కొత్త చీటీ అంటించి, తేదీ వేసి, సంతకం పెడతారు. ముందరి మనిషి తప్పూ ఉంటుంది, తర్వాతి మనిషి దిద్దుబాటూ ఉంటుంది. అన్నయ్య అట్ట మీద మాత్రం ఒక్కటే చీటీ. ఎవరూ దిద్దాల్సిన అవసరం రాలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఇంకో అయిదు ఆకులు పంపు. ఈసారి 418 నంబరు బిళ్ళ చేత్తో పట్టుకుని మరీ కొయ్యి.

నీ పిచ్చుక


నర్సరీ షెడ్డు
ఫిబ్రవరి 14

పిచ్చుకా,

ఆకులు పంపుతున్నాను. బిళ్ళ పట్టుకునే కోశాను.

ఇక్కడ పని తెమలడం లేదు. ముందు ద్వారం దగ్గరి పూలమడులు మూడూ తవ్వించి మళ్ళీ వేయిస్తున్నారు. ఎర్రవి లోపల, తెల్లవి అంచున అని మొన్న చెప్పి, నిన్న తెల్లవి లోపల అన్నారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ మడుల్లోనే కదా. అక్కడ ఎంత హాయి అనుకున్నావు! వాడిపోతే నీళ్ళు పొయ్యడం, పూత అయిపోతే పీకెయ్యడం. ఏ మొక్క గురించీ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

రిటైరయ్యే లోపల కార్డులన్నీ సర్ది అప్పగించమన్నారు. బతికున్నవాటి సొరుగులు ఆరు, పోయినవాటి సొరుగు ఒకటి. మొక్క పోతే దాని కార్డు తీసి, పోయిన తేదీ, కారణం రాసి ఆ సొరుగులో వెయ్యాలి. కారణం గడిలో చీడ, ఎండ, వేరుకుళ్ళు అని రాస్తుంటాం. ఎక్కువసార్లు 'తెలియదు' అనే ఉంటుంది. మధ్యాహ్నమంతా ఆ 'తెలియదు'లు చదువుతూ కూర్చున్నాను. అన్నిటికీ తెలియకుండా ఉంటుందా?

నా దగ్గర వేళ్ళు పట్టడం లేదని డైరెక్టరు గారు కొమ్మల పని పూలమడుల మేస్త్రికి ఇచ్చారు. అతను గడ్డి పెంచినంత సులువుగా మూడు వందల నలభై మొక్కలు లేపాడు. అందరూ సంబరపడుతున్నారు. నేనూ బాగుందన్నాను.

ఆకులు సరిపోకపోతే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను. పని ఆగిపోతుందా, లేక నిన్నేమైనా అంటారా?

వదిన


పరిశోధనశాల
మార్చి 11

వదినా,

మళ్ళీ సరిపోలేదు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. పని ఆగలేదు, నన్నే అంటున్నారు. మా పెద్దసారు తన గదిలో నలభై నిమిషాలు నిలబెట్టారు. తోటవాళ్ళు ఇరవై ఆరేళ్ళుగా బిళ్ళ కట్టి పెంచుతున్న మొక్క తప్పు కాదు, నీ బల్ల మీదే ఏదో కలిసిపోతోంది అన్నారు. గిన్నెలు మార్చాను, మందులు కొత్తవి తెప్పించాను, రెండు ఆదివారాలు వచ్చి మొదటినుంచీ చేశాను. అదే జవాబు.

నేనెవరి మీదా అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనిని నా చేతులే మరిచిపోయాయా అని బస్సులో చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ చేతికి ఏమైనా అంటుకుందా అని అడిగింది.

మూడోసారి కూడా ఇలాగే వస్తే ఈ పని నా నుంచి తీసేస్తామన్నారు. వదినా, నీకు దణ్ణం పెడతాను. కుండీ ఎప్పుడైనా మార్చారా, బిళ్ళ ఎప్పుడైనా ఊడిందా, ఎవరైనా అటూ ఇటూ పెట్టారా? ఏ చిన్న విషయమైనా సరే, రాయి.

పిచ్చుక


నర్సరీ షెడ్డు
మార్చి 19

పిచ్చుకా,

ఒక్క ఆకు పంపుతున్నాను. ఈసారి సరిపోతుంది. కాస్త ఎండినట్టుంటుంది, పట్టించుకోకు.

వేళకు తిను. ఆదివారాలు వెళ్ళకు.

వదిన


పరిశోధనశాల
ఏప్రిల్ 16

వదినా,

సరిపోయింది. గీతకు గీత, చుక్కకు చుక్క. నువ్వు పంపిన ఆకు గోధుమ రంగుకు తిరిగిపోయి ఉంది, పోస్టులో ఎండ తగిలిందేమో. అయినా అన్నయ్య అట్ట మీది ఆకూ అదీ ఒక్కటే.

నువ్వు సంతోషిస్తావని ముందు అది రాశాను. మిగతాది కూడా రాయాలి కదా. మూడోది సరిపోయింది కాబట్టి మొదటి రెండూ నా అజాగ్రత్త అని తేల్చారు. పెద్దసారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాలిగా చూసి, కొన్నాళ్ళు కింది అంతస్తులో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోమన్నారు. పరీక్షల గది తాళంచెవి తీసుకున్నారు. తీసుకోవడమంటే, నేనే తీసి బల్ల మీద పెట్టాను. లిఫ్టు బాధ తప్పింది, అంతే.

వాళ్ళను తప్పు పట్టను. రెండుసార్లు తప్పు ఎలా వచ్చిందో నాకే తెలియడం లేదు. తప్పెక్కడో తెలిస్తే దిద్దుకుంటాను. తెలియని తప్పును ఏం చేసుకోను? ఇప్పుడు ఇంట్లో స్టవ్ ఆపానో లేదో అని కూడా నాలుగుసార్లు లేచి చూస్తున్నాను.

అనుమతి కాగితం మీ డైరెక్టరు గారికి వెళ్ళిపోయింది. జూన్ మొదటి వారంలో నాటతారట. నువ్వు వెళతావు కదా? నాకు సెలవిస్తే నేనూ వస్తాను. అన్నయ్య పేరు చూడాలనుంది.

పిచ్చుక


ఇంటి నుంచి
ఏప్రిల్ 24

పిచ్చుకా,

కూర్చుని చదువు.

నీ చేతులు తప్పు చెయ్యలేదు. మొదటి రెండుసార్లు నువ్వు చెప్పిందే నిజం. మూడోసారి అబద్ధం నేను పంపాను. ఆ ఆకు మీ అన్నయ్య పాత డైరీలోది. మొక్క తెచ్చిన ఏడాది రాలిన ఆకును ఆయనే అందులో పెట్టుకున్నారు. అది పంపితే నీకు మాట రాదనుకున్నాను. మొదటి రెండింటి తప్పు నీ నెత్తిన పడుతుందని నాకు తట్టలేదు. ఇంత వయసొచ్చి ఆ మాత్రం ఆలోచించలేకపోయాను.

418 కుండీలో ఉన్నది ఆడపడుచు కాదు. ఆడపడుచు పోయి పదకొండేళ్ళయింది.

మీ అన్నయ్య ఊపిరితిత్తుల జబ్బుతో రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నారు, గుర్తుంది కదా. ఆయన చూసే గాజు గది పని నాకప్పగించారు. నేనప్పటికి పూలమడుల మనిషిని. వెళ్ళేముందు ఒక్కటే చెప్పారు: 'అది నిద్రపోయే కాలం. ఆకులన్నీ రాలుస్తుంది, భయపడకు. రెండు నెలలు చుక్క నీళ్ళు పొయ్యొద్దు.' సరేనన్నాను. పదో రోజుకే ఆకులు రాలడం మొదలైంది. ఆ రోజే ఆయనకు గొంతులో గొట్టం వేశారు. పొద్దున ఆస్పత్రిలో ఆయన్ని చూసి, మధ్యాహ్నం వచ్చి దాన్ని చూసేదాన్ని. రోజురోజుకూ ఇద్దరూ ఒకేలా తయారవుతున్నారు. అది పోతే ఆయనా పోతారని నా మనసులో గట్టిగా పడిపోయింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. వాడిన మొక్కను చూస్తూ చేతులు కట్టుకుని నిలబడటం నాకు చేతకాలేదు పిచ్చుకా. ఒక గ్లాసు పోశాను. మర్నాడు ఇంకో గ్లాసు. ఇరవై రోజులు పోశాను. కుండీ తిరగేస్తే వేళ్ళు నల్లగా, మెత్తగా చేతికొచ్చాయి.

ఆ రోజు సాయంత్రం ఆయన గొంతులోంచి గొట్టం తీసేశారు. మాట వచ్చాక మొదట అడిగింది నా సంగతి కాదు, నీ సంగతి కాదు. 'ఆడపడుచు ఎలా ఉంది?' అన్నారు. బాగుందన్నాను. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాను.

బల్ల కింద కంకరలో దాని విత్తనం పడి మొలిచిన మొక్క ఒకటి ఉండేది, మూడేళ్ళది. పక్క వరసలోని తోట రకంతో కలిసి పుట్టిందని నాకు అప్పుడే తెలుసు. ఆడపడుచుకు ఉన్నట్టు దీనికి ఆకు వెనక నూగు లేదు. అయినా దాన్నే తీసి అదే కుండీలో పెట్టి అదే బిళ్ళ కట్టాను. కార్డు పోయినవాటి సొరుగులో వెయ్యలేదు.

ఆయన ఇంటికొచ్చిన మూడో రోజు కర్ర పట్టుకుని గాజు గదికి వచ్చారు. కుండీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వంకరగా పెరిగిందని ఒక చిన్న కొమ్మ కత్తిరించి జేబులో వేసుకుని, 'దీన్ని బాగా చూసుకున్నావే' అన్నారు. అంతే. ఆయన కనిపెట్టలేదని బతికిపోయాననుకున్నాను. ఆ తర్వాత ఏడేళ్ళు ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. అసలుదాని కంటే దీనికి పూలు పెద్దవి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నా చెయ్యి మంచిదని మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా ఇంటికొచ్చి అన్నం సయించేది కాదు.

చెబుదామని ఆయన దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో. జబ్బు మనిషి, తట్టుకోలేరని వెనక్కి వచ్చేదాన్ని. ఆయన పోయాక ఇంకెవరికి చెప్పాలి అనుకున్నాను. ఇప్పుడు అవి కొండ మీదికి వెళ్ళి, ఆయన పేరు కింద పెరిగి, అదే ఆయన తెచ్చిన మొక్క అని లోకం అనుకుంటుంది. అదీ మింగేద్దామనుకున్నాను. నువ్వు స్టవ్ నాలుగుసార్లు చూసుకుంటున్నానని రాశావు చూడు, అది మింగలేకపోయాను.

వదిన


పరిశోధనశాల, కింది అంతస్తు
మే 6

వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు రాసినది నేను ఎవరికీ చూపించలేదు. నేను చెబితే వదిన మీద తోసి తప్పించుకుంటోందంటారు. మీరే మీ డైరెక్టరు గారికి రాతపూర్వకంగా చెప్పండి. ఒక నకలు పెద్దసారుకు పంపండి. జూన్ మొదటి వారానికి ఇంకా నాలుగు వారాలుంది.

నేను మార్చిలో దణ్ణం పెట్టి అడిగాను. దానికి మీరు వేళకు తినమని రాశారు.

ఇంతకంటే ఏమీ రాయలేను.


నర్సరీ షెడ్డు
మే 15

పిచ్చుకా,

'గారు' తగిలించావు. తగినదే, నేనేమీ అనను.

డైరెక్టరు గారికి రాసి ఇచ్చాను, చదువుతుంటే ఎదురుగానే నిలబడ్డాను. నకలు మీ పెద్దసారుకు నేనే పోస్టు చేశాను. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, పదకొండేళ్ళా అన్నారు. అవునన్నాను. కొండ మీద నాటడం ఆగిపోయింది. బోర్డు రంగులు కూడా వేసేశారట, దాన్ని షెడ్డు వెనక గోడకు ఆనించి పెట్టారు. సన్మానం లేదు. గాజు గది నుంచి తీసేసి, మిగిలిన రెండు నెలలూ పూలమడుల్లో చెయ్యమన్నారు. శిక్ష అనుకుని వేశారు, నాకు మాత్రం ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది.

తాళంచెవులు అప్పగించే ముందు 418 కార్డు తీసి తేదీ వేశాను. కారణం గడిలో 'నీళ్ళు ఎక్కువయ్యాయి, పోసింది నేను' అని రాసి సంతకం పెట్టాను. పోయినవాటి సొరుగులో వేశాను.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు. నీ తాళంచెవి నీకిచ్చారో లేదో ఎవరిచేతైనా చెప్పించు, చాలు.

వదిన


పరిశోధనశాల, మూడో అంతస్తు
జూన్ 20

వదినా,

తాళంచెవి ఇచ్చారు. పెద్దసారు క్షమించమనలేదు, తెచ్చి బల్ల మీద పెట్టి వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. లిఫ్టు ఇంకా బాగుకాలేదు.

ఇన్నాళ్ళూ నీ మీద కోపంతో ఉన్నాను. పని చేస్తూ కూడా మనసులో నీతో పోట్లాడుతూనే ఉన్నాను. ఇప్పుడా కోపంలో సగం ఇంకొకరికి పంచాల్సి వచ్చింది, అందుకే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన మొక్కకు కొత్త అట్ట తయారుచెయ్యాలి. తోటల్లో కలిసి పుట్టిన రకాలకు మా దగ్గర వేరే బీరువా ఉంది, హాలు చివర, కింది అరలో. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవరు. నేనూ తెరిచి ఎన్నాళ్ళయిందో. నిన్న నీ మొక్క అట్ట పెట్టడానికి చోటు చూద్దామని తెరిచాను. అక్కడ అప్పటికే ఒక అట్ట ఉంది. చిన్న కొమ్మ, వంకరది. కింద అన్నయ్య చేతిరాత. తేదీ పదకొండేళ్ళ క్రితంది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు.

చీటీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

'418 తల్లి మొక్క పోయింది. ఇది దాని విత్తనం మొలక. తండ్రి పక్క వరసలోని తోట రకం. ఆకు వెనక నూగు లేదు. తోటలో ఉండవచ్చు, కొండకు పంపకూడదు. తల్లి మొక్క పోవడానికి కారణం: నేను దగ్గర లేకపోవడం.'

కింద సంతకం. నీ పేరు ఎక్కడా లేదు.

నేలమీదే కూర్చుండిపోయాను వదినా. ఒక్క చూపులో కనిపెట్టాడు. నిజం రాయకుండా ఉండలేడు, రాసి నీ కంట పడనివ్వలేడు. అందుకని లోకంలో నేను తప్ప ఎవరూ తెరవని చోట పెట్టాడు, నేనేమో పదకొండేళ్ళు తెరవలేదు. మీరిద్దరూ ఒకరి బాధ ఒకరికి తెలియకూడదని ఒకే ఇంట్లో ఏడేళ్ళు తిరిగారు. అన్నయ్య ఒక్క మాట అంటే నీకు భారం దిగేది, నువ్వు ఒక్క మాట అంటే అన్నయ్యకు దిగేది. మధ్యలో నేను స్టవ్ చూసుకుంటూ తిరిగాను. మీ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి తిట్టాలనుంది. ఒకరే మిగిలారు.

చీటీ నకలు ఇందులో పెట్టాను. అది నీది.

పిచ్చుక


పూలమడుల దగ్గర నుంచి
జూలై 2

పిచ్చుకా,

నకలు అందింది. రెండు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను, విప్పలేదు. నువ్వు ఉత్తరంలో రాసింది చదవడం వేరు, ఆయన అక్షరాలు చూడడం వేరు. మూడో రోజు నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని చూశాను. 'లేకపోవడం' దగ్గర కలం కాస్త ఆగినట్టుంది, సిరా దట్టంగా ఉంది.

డైరెక్టరు గారిని అడిగి ఒకసారి కార్డుల గదికి వెళ్ళొచ్చాను. ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన రాసిన కారణం చూశాక నేను రాసింది కొట్టెయ్యాలా? నాది కొట్టెయ్యను. పోసింది నేనే. చివరికి మీ పద్ధతే పాటించాను. 418 కార్డు తీసి, నేను రాసినదాని పక్కన ఆయన చీటీ నకలు అంటించి, తేదీ వేశాను. రెండు కారణాలూ ఉండనీ. ఆ సొరుగు మూసి వచ్చాక చాలా అలసటగా అనిపించింది. మంచి అలసటే.

ఆ మూడు వందల నలభై మొక్కలూ పారెయ్యమంటారేమో అని భయపడ్డాను. ముందు ద్వారం దగ్గర మడుల్లో వెయ్యమన్నారు. నేనే నాటుతున్నాను, మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, రోజుకు ఇరవై. పూలు పెద్దవి కదా, చూసేవాళ్ళకు నచ్చుతాయి. వాటి తప్పేముంది? వాటికి కొత్త నంబరు, కొత్త కార్డు ఇచ్చారు. తల్లి గడిలో 418 అని నేనే రాశాను. కొండ మీద మాత్రం ఏమీ లేదు. ఇంకెక్కడైనా మిగిలి ఉందేమో వెతకడానికి మనుషుల్ని పంపుతామంటున్నారు. దొరుకుతుందని నాకు ఆశ లేదు.

ఈ నెల పదిహేనో తేదీతో అయిపోతుంది. ఎవరూ రారు, నువ్వు రా. సెలవివ్వకపోతే సాయంత్రం బస్సుకైనా రా. తిట్టడానికి ఒకరే మిగిలారన్నావుగా, ఎదురుగా కూర్చుంటాను, ఎంతసేపైనా తిట్టు.

ఒక్క సంగతి నీకే చెప్పాలి. నిన్న పాత కుండీ కడుగుతూ 418 బిళ్ళ తుడుస్తుంటే గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన 'దీన్ని' బాగా చూసుకున్నావే అన్నారు. 'ఆడపడుచును' అనలేదు. ఆ రోజు మొదలు పోయేదాకా, ఏడేళ్ళలో ఒక్కసారైనా ఆ మొక్కను ఆడపడుచు అని పిలవలేదు. రోజూ పక్కనే ఉండి నేను గమనించలేదు. ఆడపడుచుకు ఎండ తగులుతోంది, ఆడపడుచు మొగ్గ వేసింది అని నేనే వెళ్ళి చెప్పేదాన్ని. నేను చెబుతున్నంతసేపూ ఆయన ఊఁ కొడుతూ ఉండేవారు.

వదిన